నా పారా వినేదెవరు

నేను హాఫిజానని తెలియగానే ఎవరైనా మొదట అడిగే మాట ఒకటే. "మొత్తం యాదుందా?" పెళ్ళిళ్ళలో అడుగుతారు, చావు ఇళ్ళలో అడుగుతారు, దవాఖానలో చీటీ కోసం వరుసలో నిలబడ్డప్పుడు కూడా అడుగుతారు. లేదని చెప్తే బాగుండునన్న చిన్న ఆశ వాళ్ళ ముఖంలో కనిపిస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసిన మగవాణ్ణి హాఫిజ్ అంటారు, ఆడదాన్ని హాఫిజా అంటారు. హాఫిజ్‌ని ఎవరూ అట్లా అడగరు. అతనికి ఏటా రంజాన్ వస్తుంది. తరావీ నమాజుకు మసీదులో అందరికంటే ముందు నిలబెట్టి రాత్రికి ఇంత చొప్పున మొత్తం చదివిస్తారు. తప్పితే దిద్దడానికి వెనక ఇంకో హాఫిజ్ నిలబడతాడు. మరిచిపోదామన్నా మరిచిపోనివ్వరు. నాకు వచ్చే రంజాన్‌లో హలీమ్ గిన్నెలు, సమోసా పిండి తప్ప ఇంకేమీ ఉండవు.

మాది కేతేపల్లి. దూదేకుల వాళ్ళం. బాపు పరుపులు, దిండ్లు కుట్టేవాడు. పత్తి ఏకే మిషన్ నడిచినంతసేపూ ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు. బాపు రెప్పల మీద కూడా దూది ఉండేది. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ బజారు వరకే. ఈద్ రోజు నమాజు అయినంక టౌను నుంచి వచ్చిన పెద్దమనుషులు బాపు భుజం తట్టి, "దూదేకులోళ్లకు కల్మా అన్న వస్తదా?" అని నవ్వేవాళ్ళు. బాపు కూడా వాళ్ళతో పాటు నవ్వేవాడు. వాళ్ళిళ్ళలో పెళ్ళి పరుపులు కుట్టాల్సింది బాపే మరి. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చేది కాదు. రాష్ట్రం వచ్చిందని రోడ్డు మీద గులాల్ చల్లుకున్న ఏడాదే, నన్ను నల్లగొండలో ఆడపిల్లల మదర్సాలో వేశాడు. బస్సు దిగినంక, "మంచిగ సదువు బిడ్డా, గాళ్ల నోళ్లు మూయాలె" అన్నాడు.

కంఠస్థం చేయడం గురించి జనానికి ఒక అపోహ ఉంది. ఒకసారి తలకెక్కితే ఇక దిగదని అనుకుంటారు. ఖురాన్‌ను ముప్పై భాగాలు చేసి ఒక్కో భాగాన్ని పారా అంటారు. పొద్దున్నే కొత్త పాఠం అప్పజెప్పాలి. మధ్యాహ్నం నుంచి పాతవి అప్పజెప్పాలి. కొత్తది ఒక పేజీ అయితే పాతవి పారాలకు పారాలు. చదువు ముందుకు పోయేకొద్దీ వెనక బరువు పెరుగుతుంది. మాకు చెప్పే ఆపా పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. "కొత్త పాఠం రాకుంటె నేనేమన. పాతది ఇడిసిపెట్టినోళ్లను మాత్రం మూట సర్దిచ్చి ఇంటికి తోలుతా" అనేది. తోలింది కూడా.

ఇంకో సంగతి. తన పాఠం తానే చదువుకుంటే సరిపోదు. తప్పిన నాలుకకు తప్పినట్టు తెలియదు. ఎదురుగా ఒకరు ఖురాన్ తెరిచి కూచోవాలి, మనం చదువుతుంటే అక్షరాల మీద వేలు నడుపుతూ వెంట రావాలి, తప్పగానే ఆపాలి. మూసా ప్రవక్త, ఫిరౌను దర్బారు, మాంత్రికులు, ఈ కథ తొమ్మిదో పారాలో వస్తుంది, పంతొమ్మిదిలోనూ వస్తుంది. వాక్యాలు దాదాపు ఒకటే. ఒకచోట 'తన మంత్రంతో' అన్న మాట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. తొమ్మిదో పారా చదువుతూ ఆ ఒక్క మాట అదనంగా నోట్లోంచి జారిందా, ఇక నాలుక తనకు తెలియకుండానే పంతొమ్మిదో పారాలోకి దాటిపోతుంది. కళ్ళు మూసుకుని హాయిగా చదువుకుంటూ పోతాం. వినేవాళ్ళు లేకపోతే ఆ తప్పే రోజూ చదివి చదివి గట్టిపడుతుంది. ఈ బెడద హాఫిజ్‌లకు తప్ప ఇంకెవరికీ ఉండదు.

సెలవులకు ఇంటికి వస్తే నా పాఠం అమ్మ వినేది. అమ్మకు అరబ్బీ అక్షరాలు రావు. తెలుగు లిపిలో అచ్చేసిన పారా పుస్తకాలు తెప్పించుకుంది. అరబ్బీలో మూడు 'స'లున్నాయి, తెలుగు లిపిలో మూడింటికీ ఒకటే 'స'. కాబట్టి నా ఉచ్చారణ సంగతి అమ్మకు తెలియదు కానీ, మాట తప్పినా, వాక్యం ఎగిరినా టక్కున పట్టుకునేది. పక్క వీధి నుంచి ఒకామె వచ్చి, "తెలుగుల సదివితే గునా ఐతది" అని పాపం పేరు చెప్పి భయపెట్టింది. "అల్లాకు తెలుగు రాదా?" అని అమ్మ అడిగింది. ఆమె మళ్ళీ మా ఇంటికి రాలేదు.

నేను పూర్తి చేసిన రోజు మదర్సాలో జల్సా, అంటే సన్మాన సభ, పెట్టారు. నా మెడలో పూలదండ, బాపు మెడలో ఇంకోటి. ఎప్పుడూ నవ్వే ఆ పెద్దమనుషులే బాపును కౌగిలించుకున్నారు. హాఫిజ్‌ల తల్లిదండ్రులకు ప్రళయదినాన కిరీటం పెడతారని మైకులో చెప్తుంటే బాపు భుజం మీది తువ్వాలు తీసి ముఖం కప్పుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడినాయన, కంఠస్థం చేసి మరిచిపోవడం ఎంత పాపమో చాలాసేపు చెప్పాడు. దండ మెడలో ఉండగానే నేను మనసులో మొదటి పారా నుంచి తడుముకోవడం మొదలుపెట్టాను. మరిచిపోయిన వాళ్ళ పాపం గురించి అన్నీ చెప్పాడు కానీ, మరిచిపోయేటట్టు చేసినవాళ్ళ పాపం ఊసే ఎత్తలేదు. ఇప్పుడైతే లేచి అడిగేదాన్ని.

హాఫిజా కోడలు కావాలని జడ్చర్ల నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళూ మా దూదేకుల వాళ్ళే. టౌనులో ఉండి ఉర్దూ ముక్కలు నాలుగు నేర్చుకుని, దూదేకుల మాట ఎత్తితే చిన్నబుచ్చుకునే రకం. మామ లేడు. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. మరిది హాఫిజ్, మసీదులో పిల్లలకు చదువు చెప్తాడు, రంజాన్‌లో తరావీ చదివిస్తాడు. ఇద్దరు హాఫిజ్‌లున్న ఇల్లంటే వీధిలో ఎంత పేరో చూడమని అత్తమ్మ మా అమ్మతో అంది. అమ్మ మురిసిపోయింది. ఆ ఇంట్లో నాకు చదువుకోవడానికి వేళ దొరుకుతుందా అని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

దొరకలేదు. తెల్లవారు నమాజు కాగానే హాఫిజ్‌లు పాతపాఠం చదువుకునే వేళ. ఆ వేళకే మా ఆయన షిఫ్టు బస్సు. టిఫిన్, డబ్బా, నీళ్ళ సీసా. తర్వాత నీళ్ళు పట్టడం, బట్టలు, మధ్యాహ్నం వంట. రొట్టెలు చేస్తూ చదువుకునేదాన్ని. పెనం మీద రొట్టె మాడితే వాక్యం తెగేది, వాక్యం చూసుకుంటే రొట్టె మాడేది. అత్తమ్మ మాడిన రొట్టెను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "నీకేమే, నువ్వేడ సదవాలె, ఎవ్వరికి ఇనిపియ్యాలె?" అనేది. చుట్టాలొస్తే మాత్రం ఆమె మాట మారిపోయేది. "మా కోడలు హాఫిజా, జర ఒక సూరా సదువు" అని, చిన్నపిల్లతో పాట పాడించినట్టు చదివించేది. వాళ్ళు మాషా అల్లా అనేవాళ్ళు. నేను మళ్ళీ చాయ్ పెట్టడానికి పోయేదాన్ని.

మరిది సంగతి వేరు. రంజాన్ ఇంకా రెండు నెలలుందనగా ఇంట్లో టీవీ బంద్. ముందు గది ఆయనది. బాదం పాలు నేనే కాచి తలుపు దగ్గర పెట్టేదాన్ని. మసీదు వెనక వీధిలో ఒక ముసలి హాఫిజ్ ఉండేవాడు, రోజూ వచ్చి మరిది చదువు వినేవాడు. గిన్నె చప్పుడైతే అత్తమ్మ కళ్ళెర్రజేసేది. "పోరడు సదువుకుంటాండు, గంత లొల్లేంది?" నేను చదివిందీ ఆ ఖురానే. అందులో ఒక్క వాక్యం తక్కువ లేదు. నా చదువుకు మాత్రం ఎవరి గిన్నె చప్పుడూ అడ్డం కాదన్నమాట.

నెల నెలా వచ్చే ఆ రోజుల్లో నోటితో చదవకూడదని మాకు నేర్పారు. బిడ్డ పుట్టినంక నలభై రోజుల చిల్లా అయ్యేదాకా అంతే. ఆ చిల్లాలో పెదవులు కదపకుండా, నాలుక పంటికి తగలకుండా, మనసులోనే చదువుకున్నాను. బిడ్డకు పాలిస్తూ చదివాను. కానీ మనసులో చదివేది నీళ్ళ మీద నడిచినట్టే. తెలియని చోట మనసు గబుక్కున దాటేస్తుంది, ఇబ్బంది పెట్టదు. చిల్లా స్నానం అయిన రోజు గది తలుపు వేసుకుని గొంతెత్తి మొదలుపెట్టాను. మూసా కథలో పడి తొమ్మిదో పారాలోంచి నేరుగా పంతొమ్మిదిలో తేలాను. ఎక్కడ దాటానో తెలియలేదు. వెనక్కి వచ్చి మళ్ళీ చదివాను, మళ్ళీ అక్కడే తేలాను. నాలుగేళ్ళు హాస్టల్‌లో నీళ్ళ చారు తిని సంపాదించుకున్నది నా నోట్లోంచే పోతోంది, అది పోవడం నేను చూస్తున్నాను.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయన్ని అడిగాను. ఆయనకు చూసి చదవడం వచ్చు, మెల్లగా అయినా వచ్చు.

"నువ్వు ఖురాన్ పట్టుకోని కూసో. ఒక్క పేజీ ఇను."

"నాకేం దెలుస్తదే? తమ్మునికి ఇనిపియ్యరాదు?"

"తెల్వాల్సిన పని లేదు. ఏలు పెట్టుకోని రా, తప్పితె ఆపు."

సరేనన్నాడు. ఖురాన్ ఒళ్ళో పెట్టుకుని, నేను రెండో వాక్యంలో ఉండగానే తల వాల్చేశాడు. షిఫ్టు చేసి అలిసిపోయాడు, ఆ మాట నిజమే. కానీ ఫోన్‌లో క్రికెట్ చూసేటప్పుడు ఆయనకు ఆ అలుపు రావడం నేనెప్పుడూ చూడలేదు. ఖురాన్ తీసి ముద్దుపెట్టుకుని బీరువా మీద పెట్టాను. ఆయన్ని మాత్రం లేపలేదు, మెడ నొప్పి పెడితే పెట్టనిమ్మని.

ఆ మరుసటి ఏడు రంజాన్‌కు ముందు, వెనక వీధి ముసలాయనకు పక్షవాతం వచ్చింది. మరిది చదువు వినేవాళ్ళు లేరు. ఇల్లంతా ఒకటే ఫికర్. అత్తమ్మ వంటింట్లోకి వచ్చి, ఎన్నడూ లేంది నా చేతిలోంచి కత్తి తనే తీసుకుంది. "నువ్వు హాఫిజావే గదనే. జర పోరనిది ఇను. ఉల్లిగడ్డలు నేను కోస్త."

ముందు గదికీ మధ్య గదికీ నడుమ పర్దా కట్టారు. మరిది అటు, నేను ఇటు. పుస్తకం నాకు అక్కర్లేదు, అయినా పద్ధతి పద్ధతే కదా అని తెరిచి పెట్టుకున్నాను. ఆయన చదివేవాడు. తప్పితే నేను ఆపి సరైన మాట అందించేదాన్ని, ఆయన అందుకుని ముందుకు పోయేవాడు. మరిది గొంతు మంచిది, చదువు మీద శ్రద్ధ కూడా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. విన్నన్ని రోజులూ నాకూ ఎంతో సంతోషంగా ఉండేది. వింటూ వింటూ నాకు జారిపోయినవి కొన్ని మళ్ళీ దొరికాయి. ఒకరోజు ఆయన పారా ముగించగానే పర్దా ఇవతలి నుంచే అడిగాను.

"నీదైంది గదా. ఇగ నాది ఒక్క పేజీ ఇను."

మరిది అటువైపు గొంతు సవరించుకున్నాడు.

"వదినా, గట్ల కాదు. ఆడోళ్ల గొంతుకు సుత పర్దా ఉంటది. గైర్ మర్దు, పరాయి మొగోడు ఇనొద్దు."

"ఇన్ని దినాలు నీ తప్పులు జెప్పింది ఏ గొంతు?"

"అది జరూరత్ వదినా."

జరూరత్. అవసరం. ఆయనకు అవసరమైతే నా గొంతు మందు, నాకు అవసరమైతే విషం. నేను పర్దా పట్టుకుని లాగాను. తాడుతో సహా ఊడి వచ్చింది. మరిది తల దించుకుని గోడ వైపు తిరిగాడు. ఉల్లిగడ్డ కోస్తున్న కత్తి చేత్తో పట్టుకునే అత్తమ్మ వచ్చింది. "ఏమైందే నీకు? షైతాన్ పట్టిందా?" అని అరిచింది. నేను అంతకంటే గట్టిగా అరిచాను. నా గొంతుకు పర్దా ఉందని చెప్పాక కూడా వీధి చివరి కిరాణా దుకాణం దాకా వినపడేలా అరిచాను. "రేపటి సంది గోడకు ఇనిపియ్యమను! గోడకు పర్దా లేదు, గొంతు లేదు, మీకు మంచిగుంటది!"

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి రెండు వైపులా విన్నాడు. వినడం ఎంత సేపైనా వింటాడు. చివరికి, "గీ చిన్న ముచ్చటకు గింత లొల్లా?" అన్నాడు. అది చిన్న ముచ్చట కాదని ఆయనకు చెప్పే ఓపిక నాకు లేదు. పొద్దున బిడ్డను చంకన వేసుకుని బస్టాండుకు నడిచాను. ఆడవాళ్ళకు బస్సులో టికెట్ లేదు కాబట్టి ఎవరినీ చేయి చాచి అడిగే పని పడలేదు. కల్వకుర్తిలో ఒక బస్సు, మల్లేపల్లిలో ఒకటి, నల్లగొండలో ఇంకోటి మారి కేతేపల్లి చేరేసరికి నా కోపం చల్లారలేదు, ఇంకాస్త పెరిగింది. నిలబడి వచ్చాను మరి.

అమ్మ ఏమైందని అడిగింది, చెప్పాను. "సర్దుకపోవాలె బిడ్డా" అంటుందేమోనని చూశాను. అంటే అమ్మ మీద కూడా అరవడానికి సిద్ధంగా ఉన్నాను. అమ్మ అలమర వెతికి పాత పారా పుస్తకాలు దుమ్ము దులిపింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. బాపు నేను చదివేటప్పుడు పత్తి మిషన్ ఆపేసేవాడు. ఎవరైనా పరుపు కోసం వస్తే, "జరసేపు ఆగుండ్రి" అని బయటే కూచోబెట్టేవాడు. బిడ్డ దూది కుప్పలో ఆడుకునేది. తీరా వినిపిస్తే, నేను భయపడ్డదానికంటే ఎక్కువే పోయింది. కొన్ని పేజీలు కొత్త పాఠంలాగా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఒకసారి గెలిచి తెచ్చుకున్నదాన్ని మళ్ళీ అడుక్కుంటున్నట్టు అనిపించి ఏడుపొచ్చేది. ఏడుస్తూ చదివితే అమ్మ వినేది కాదు. "ముక్కు తుడ్సుకోని సదువు. నాకు మాట సాఫ్ ఇనస్తలేదు" అనేది.

రంజాన్ మొదలైంది. సగం రోజాలు గడిచాక ఒకరోజు సాయంత్రపు అసర్ నమాజు వేళకు మా ఆయన వచ్చాడు. గడ్డం పెరిగి, ఉపవాసంతో పెదాలు ఎండి ఉన్నాయి. బిడ్డను ఎత్తుకుని చాలాసేపు ముద్దాడాడు. తర్వాత చెప్పాడు. మరిది తరావీలో రెండుసార్లు ఆగిపోయాడట. వెనక నిలబడ్డాయన కూడా సరిగా అందించలేకపోయాడట. మసీదు కమిటీ వాళ్ళు వచ్చే ఏడు వేరే హాఫిజ్‌ను పిలుస్తామంటున్నారట. తమ్ముడు అన్నం సరిగా తినడం లేదట. నాకు సంతోషం కలగలేదు. నలుగురి ముందు నాలుక ఆగిపోతే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. జాలి కూడా కలగలేదు.

"అమ్మ నిన్ను తోల్కరమ్మంటాంది" అన్నాడు.

"నన్నా, నా చెవులనా?"

ఆయన బిడ్డ జుట్టులోని దూది ఏరసాగాడు.

"చెవులైతె నేను రాను. ఆడ నాది ఇనేటోళ్లుంటెనే వస్త. నువ్వు ఇంటవో, మీ అమ్మ ఇంటదో, మీరే తేల్చుకోండ్రి. దినాం ఇనాలె. రంజాన్‌ల ఒక్కటే కాదు, నేను సచ్చేదాంక. నేనేం సొమ్ములడుగుత లేను."

"అమ్మ ఏమంటదో..." అన్నాడు.

"అయితె అడిగి రాపో. బస్సులున్నయి."

బయట బాపు మిషన్ ఆగింది. ఆయన లేచాడు. వెళ్ళిపోతాడనే అనుకున్నాను. బిడ్డను అమ్మకిచ్చి, బోరింగు దగ్గరికి పోయి ముఖం, కాళ్ళు చేతులు కడిగి వజూ చేసుకుని వచ్చాడు. అరుగు మీద చాప పరుచుకుని, గూట్లోని అరబ్బీ ఖురాన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏడికెళ్లి?" అన్నాడు.

"నీ ఇష్టమున్న కాడ తియ్యి."

తీశాడు. మొదటి మాట కూడబలుక్కుని చదివాడు. నేను అందుకున్నాను. కోపంతో గబగబా పోతుంటే, "జర మెల్లగ, ఏలు అందుతలేదు" అన్నాడు. ఆయన వేలి కోసం తగ్గించాను. ఉపవాసపు మొహం, నుదుటి మీద చెమట, పెదాలు లోపల్లోపల నాతో పాటే కదులుతున్నాయి. రెండో పేజీ సగానికొచ్చాక ఆయన వేలు ఆగింది.

"ఆగు" అన్నాడు. తనకే నమ్మకం లేనట్టు మళ్ళీ చూసుకున్నాడు. "ఒక లైను ఇడిసిపెట్టినవు."

నేను మనసులో వెనక్కి పోయి చూసుకున్నాను. నిజంగానే వదిలేశాను.

తను తప్పు పట్టినందుకు నేను మురిసిపోతాననుకున్నాడో ఏమో, నా వైపు చూసి కొంచెం నవ్వాడు. నాకు ఎక్కడలేని ఏడుపు, అంతకు మించిన కోపం వచ్చాయి. చేతనైన పనే ఇది. కష్టమైంది కాదు, చదువు అక్కర్లేదు, ఖర్చు లేదు. ఒక వేలు, కాస్త వేళ. ఇన్నేళ్ళూ ఆ వేలు ఆయన దగ్గరే ఉంది.

"గింతే గదా! గింత దానికి నన్ను సగం పోగొట్టుకునేదాంక చేస్తివి" అన్నాను.

ఆయన నవ్వు ఆపాడు. తల దించి, వేలు ఆ లైను మొదటికి తెచ్చి పెట్టాడు. నేను ముక్కు తుడుచుకుని ఆ లైను చదివాను.